ఈ దడ ఎవులిది?

అక్టోబరు వస్తే మా పిన్ని మంచం చోటు మారుతుంది. ఏడాదంతా కిటికీ పక్కన పడుకునే మనిషి, దసరా ముందు వీధి గుమ్మం దగ్గరికి జరిగి కార్తీకం గడిచేదాకా అక్కడే ఉంటుంది. తలుపు దగ్గరగా వేస్తుందే గానీ గడియ పెట్టదు. తలగడ కింద ఒక పాలిథిన్ సంచి. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పెళ్లినాటి ఫొటో ఒకటి. సంచి మూతికి రబ్బరు బ్యాండు మూడు చుట్లు. రాత్రి ఏ రెండింటికో లేచి ఆ బ్యాండు తీస్తుంది, కాగితాలు లెక్కపెడుతుంది, మళ్లీ మూడు చుట్లు చుట్టి పడుకుంటుంది. కాసేపటికి మళ్లీ లేస్తుంది.

ఆమెది మూలపేట, సంతబొమ్మాళి మండలం. ఒకపక్క నౌపడ ఉప్పు మళ్లు, ఒకపక్క సముద్రం. 2018 అక్టోబరు 11న, ఇంకా తెల్లవారకముందే, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఆమె ఈ ఇంట్లోనే ఉంది. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్, నాలుగేళ్ల ముందు హుద్‌హుద్. మూడూ అక్టోబరులోనే వచ్చాయి. పైన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఆ గాలి చప్పుడు ఇంకా చెవిలోంచి పోకముందే ఊరికి పోర్టు వచ్చింది. 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లకి నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు. ఎవరు ఎప్పుడు కదలాలి, కదిలితే ఆవు ఎక్కడ, ఉప్పు మడి పని ఎక్కడ? పిన్ని సంచిలోకి కాగితాలు ఇంకొన్ని చేరాయి.

రెండేళ్ల కిందట గుండె దడ ఎక్కువైతే టెక్కలి తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు అనవసరం. ఎక్కడికి వెళ్లినా జరిగేది ఇంచుమించు అదే. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగున్నాయి. డాక్టరు గారు కాగితాలు తిరగేసి, "ఏమీ లేదమ్మా, గ్యాస్. టెన్షన్ పెట్టుకోకండి" అని మాత్రలు రాశారు. తిరిగొస్తుంటే ఆటోలో పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. రైలు గేటు పడి బండి ఆగినప్పుడు అంది:

"ఏటీ లేదన్నాడు కద బాబూ. ఏటీ లేకపోతే మరీ దడ ఎవులిది?"

డాక్టరుది తప్పనను. ఓపీలో మనిషికి దొరికేది రెండు నిమిషాలు. గుండె జబ్బు, థైరాయిడ్, రక్తహీనత లేవని తేల్చుకోవడం ముందు జరగాల్సిన పనే. చిక్కంతా ఆ తర్వాతే. అన్ని రిపోర్టులూ బాగున్నాక కూడా మిగిలిపోయే దడ ఎవరి ఖాతాలోది? ఆ ఖాతా తెరవడానికి లోకంలో ఎన్నో ఏళ్లుగా ప్రయత్నం జరుగుతోంది. దాన్నే మాటల వైద్యం అంటున్నాం. మాటలతో వైద్యం చేయడం ఒక విద్య అయితే, మాట నిజంగా పనిచేసిందా లేదా తేల్చడం ఇంకో విద్య. మన దగ్గర మొదటిదే అరుదు, రెండోది మరీ అరుదు.

పిల్లి, సైనికుడు, గుండె చప్పుడు

రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణాఫ్రికా సైనిక ఆసుపత్రిలో జోసెఫ్ వోల్పే అనే డాక్టరు ఉండేవాడు. యుద్ధ భయంతో చెదిరిపోయిన సైనికులకి మందిచ్చి, మగతలో మనసులోదంతా కక్కిస్తే నయమవుతుందని అప్పటి నమ్మకం. కక్కించారు. నయం నిలవలేదు. వోల్పే పట్టు వదలక పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. బెదిరిన పిల్లికి, బెదిరిన చోటికి బాగా దూరంగా తిండి పెట్టి, రోజురోజుకీ ఆ గిన్నెని కొంచెం కొంచెం దగ్గరికి జరిపాడు. భయం మెల్లగా సడలింది. 1958లో ఈ పద్ధతి మీద పుస్తకం వేశాడు. మా తీరంలో మత్స్యకారులు పిల్లల్ని సముద్రానికి అలవాటు చేసే పద్ధతీ ఇదే. మొదటిరోజు చీలమండ తడిస్తే చాలు, మర్నాడు మోకాలు. కెరటంలోకి ఎత్తి విసిరేసే తండ్రులూ ఉన్నారనుకోండి, వాళ్ల పిల్లలు తర్వాత ఏ హోటల్లోనో పనికి పోతారు.

అమెరికాలో ఏరన్ బెక్ ఇంకో దారి పట్టాడు. రోగులు పైకి ఒకటి చెబుతుంటే లోపల ఇంకో మాట సన్నగా నడుస్తూ ఉంటుందని, అది వాళ్లకే సరిగా వినపడదని 1960ల్లో గమనించాడు. 'నా వల్ల కాదు', 'ఇక అయిపోయింది' లాంటి మాటలు. వాటిని బయటికి లాగి, కాగితం మీద పెట్టి, ఇది నిజమా అని రోగితో కలిసి తూకం వేయడమే అతని వైద్యం. 1986లో ఇంగ్లండు మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ ఉన్నట్టుండి వచ్చే గుండె దడకి ఒక చక్రం గీశాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మనిషి 'అమ్మో, గుండెపోటు' అనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగం అందుకుంటుంది. దానితో అనుమానం రూఢి అవుతుంది. చక్రాన్ని తెంచాలంటే రోగిని అక్కడికక్కడే పరిగెత్తించో, గబగబా ఊపిరి తీయించో ఆ దడని కావాలనే రప్పించాలి. దడ వచ్చింది, ప్రాణం పోలేదు. ఆ కాసేపటి అనుభవం 'ఏమీ లేదమ్మా' అన్న మాట కంటే ఎక్కువ పని చేస్తుంది.

వీటన్నిటికీ ఒక గది కావాలి, తలుపు కావాలి, చదువుకున్న మనిషి కావాలి, వారానికో గంట కావాలి. మూలపేట నుంచి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి నూట యాభై కిలోమీటర్ల పైమాటే. దానికి జనం పెట్టుకున్న పేరు పిచ్చాసుపత్రి. ఆ పేరున్నంతకాలం మా పిన్ని ఆ మెట్లు ఎక్కదు. ఎక్కమని నేనూ అనలేను.

ఆందోళన అంటే ధర్నా

కొత్త వైద్యం తయారీ ఎక్కడ మొదలవుతుందంటే ప్రయోగశాల అని చెబుతారు. నేనైతే మాట దగ్గర అంటాను. మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఈ జబ్బుకి పెట్టిన పేరు 'ఆందోళన'. మా వైపు ఊరి మనిషిని పట్టుకుని "మీకు ఆందోళన ఉందా" అని అడిగి చూడండి. "మేం ఏ ఆందోళనకీ ఎల్లలేదు బాబూ" అంటాడు. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన నేల ఇది. ఇక్కడ ఆందోళన అంటే టెంటు, జెండా, కేసు. సర్వే కాగితం పట్టుకొచ్చినవాళ్లు ఆ మాట వాడితే, లోపల దడ ఎంతున్నా మనిషి 'లేదు' అన్న గడిలోనే టిక్కు పెట్టిస్తాడు.

జనం నోట్లో ఉన్న మాటలు వేరు. బెంగ ఉంది, గుబులు ఉంది, దిగులు ఉంది, గాబరా ఉంది. చంటిపిల్లలకి జడుపు. ఏళ్ల తరబడి లోపల నానిపోయినదానికి మనాది, మనోవ్యాధి అరిగి అరిగి అయిన మాట. ఇవన్నీ ఒకటి కావు. ఊరెళ్లిన కొడుకు మీద పెట్టుకునేది బెంగ. దాన్ని గాబరా అనరు. గాబరా కాసేపు ఉంటుంది, గుబులు రోజంతా ఉంటుంది. మనాదికి చావుతో చుట్టరికం ఉంది, 'మనాదితో పోయాడు' అనే మాట వినని ఊరు లేదు. ఇన్ని అరలున్న బీరువాని పక్కన పడేసి ఒక్క 'ఆందోళన' సంచిలో అన్నీ కుక్కితే ఏ అరలోది ఎంతుందో ఎలా తెలుస్తుంది?

ఈ జబ్బుని కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలబద్ద ఒకటుంది, జీఏడీ-7. రాబర్ట్ స్పిట్జర్, అతని సహచరులు 2006లో ప్రచురించారు. ఏడు ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఈ ఇబ్బంది ఎన్ని రోజులు పడ్డారు? అస్సలు లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. మొత్తం 21. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాలని లెక్క. మొదటి ప్రశ్నలో ఒక ఇంగ్లీషు పలుకుబడి ఉంది, మాటకి మాట తెచ్చుకుంటే 'అంచు మీద ఉన్నట్టు' అవుతుంది. ఏ అంచు? చీర అంచా, ఉప్పుమడి గట్టు అంచా? అందుకే ఒకరు తెలుగు చేస్తే, మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత నలుగురు ఊరివాళ్లకి చదివి వినిపించి, "మీకేం అర్థమైంది" అని అడగాలి. ఈ చివరి పని చాలామంది ఎగ్గొడతారు.

ఏడో ప్రశ్న ఇంకా చిక్కు. ఏదో ఘోరం జరగబోతోందన్న భయం కలిగిందా అని అడుగుతుంది. అక్టోబరు రెండో వారంలో, వాతావరణ శాఖ హెచ్చరిక టీవీ తెర కింద పరుగెడుతుండగా, ఈ తీరంలో ఆ ప్రశ్నకి సున్నా వేసేవాడికే ముందు వైద్యం చేయించాలి.

హరారేలో ఒక బల్ల

మాట నుంచి వైద్యం పుట్టించినవాళ్లు జింబాబ్వేలో ఉన్నారు. 2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లో పేదల ఇళ్లని పెద్ద ఎత్తున కూల్చింది. లక్షలమంది వీధిన పడ్డారు. ఆ దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో ఒకరు డిక్సన్ చిబాండా. ఆయన దగ్గరికి రావాల్సిన అమ్మాయి బస్సు ఛార్జీ లేక రాలేకపోయింది, ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రే ఇలాంటివాళ్ల దగ్గరికి వెళ్లాలి తప్ప వాళ్లు ఆసుపత్రికి రాలేరన్నది ఆయనకి అప్పుడు తగిలిన దెబ్బ. 2006లో హరారేలోని ఎంబరే పేటలో పధ్నాలుగుమంది నాయనమ్మలతో మొదలుపెట్టాడు. వాళ్లు అంతకుముందే ఆరోగ్య కేంద్రాల తరఫున ఊళ్లో తిరిగే ముసలమ్మలు. క్లినిక్ బయట చెట్టుకింద ఒక బల్ల వేశారు. దానికి స్నేహ బల్ల అని పేరు.

అక్కడి షోనా భాషలో ఈ బాధకి 'కుఫుంగిసిస' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. "ఊరికే ఆలోచన ఎక్కువైపోతంది" అని మా పిన్ని అన్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. చిబాండా బృందం జబ్బు పేర్లన్నీ పక్కన పెట్టి ఆ మాటనే తీసుకుంది. వైద్యం మెట్లకీ షోనా పేర్లే పెట్టారు. మొదటిది మనసు తెరవడం. తర్వాత, చెప్పిన కష్టాల్లో ఒకటి ఎంచుకుని దానికి ఈ వారం ఏం చేయగలవో నాయనమ్మ అడుగుతుంది. వచ్చే వారం చేశావా అని అడుగుతుంది. అంతే. ఆరు విడతలు.

కథ ఇక్కడ ఆగితే ఇది ఒక మంచి సేవా కార్యక్రమం, అంతే. అయితే వాళ్లు లెక్క కూడా చూశారు. హరారేలో 24 క్లినిక్కులు తీసుకుని, ఎవరికి బల్ల వైద్యం, ఎవరికి మామూలు వైద్యం అన్నది లాటరీకి వదిలేశారు. మొత్తం 573 మంది. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లలో నూటికి దాదాపు 50 మందిలో కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. బల్ల మీద కూర్చున్నవాళ్లలో 14 మందిలో. 2016లో ఆ ఫలితం అచ్చయ్యాక గానీ ప్రపంచం ఆ ముసలమ్మల వైపు తిరగలేదు.

అదే ఏడాది పెషావర్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అయిదు వారాల మాటల వైద్యం అది. పాకిస్తాన్‌కి చెందిన ఆతిఫ్ రహమాన్ బృందం 346 మందితో పరీక్షించింది. మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి మాట్లాడించారు. మూడు నెలల తర్వాత కూడా బెంగ, కుంగుబాటు రెండూ తగ్గే ఉన్నాయి. నన్ను ఆపింది ఆ ఊరి పేరు. పెషావర్‌లో బాంబు భయం ఊహ కాదు. భయపడాల్సింది నిజంగానే ఉన్నచోట భయానికి వైద్యం ఏమిటి? ఉద్దానంలోనూ ప్రశ్న అదే, అక్కడి కిడ్నీ జబ్బు సంగతి తర్వాత చెబుతాను.

సంక్రాంతికి అందరికీ తగ్గుతుంది

ఒక ఊహ. రేపు ఎవరో మంచి మనసున్నవాళ్లు అక్టోబరులో మూలపేట వస్తారు. ముప్ఫైమంది ఆడవాళ్లకి జీఏడీ-7 ప్రశ్నలు వేస్తారు. మార్కులు పదిహేను, పదహారు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. సంక్రాంతికి మళ్లీ కొలుస్తారు. ఆరు, అయిదు. ఫొటోలు, జిల్లా ఎడిషన్లో వార్త, శాలువా. ఆ వైద్యం పనిచేసిందా?

నాకు తెలిసి సంక్రాంతికి మూలపేటలో అందరికీ తగ్గుతుంది. గాలి తగ్గింది, వాయుగుండాల కాలం పోయింది, వలస వెళ్లినవాళ్లు పండక్కి ఇంటికొచ్చారు. సముద్రానికి దక్కాల్సిన పేరు కౌన్సెలర్ కొట్టేశాడు. పైగా మనిషి సాయం కోసం వచ్చేది బాధ పతాకస్థాయిలో ఉన్నప్పుడు. అక్కణ్ణుంచి అది ఎటూ కొంత దిగుతుంది. తాయెత్తు కట్టినవాడికీ, జడుపు మంత్రం వేసినవాడికీ ఇన్నాళ్లూ పేరొచ్చింది ఇలాగే. గ్యాస్ మాత్ర రాసినవాడికి కూడా.

అందుకే లాటరీ. సగంమందికి వైద్యం, సగంమందికి ఇప్పుడున్న పద్ధతి, రెండు గుంపులకీ అదే అక్టోబరు, అదే సంక్రాంతి. చివర్లో కొలిచేవాడికి ఎవరు ఏ గుంపో తెలియకూడదు, తెలిస్తే చేయి కాస్త మెతకబడుతుంది. మన ఊళ్లలో ఇంకో తంటా ఉంది. ఒకే వీధిలో పార్వతమ్మకి వైద్యం ఇచ్చి పక్కింటి వరాలమ్మకి ఇవ్వకపోతే, పార్వతమ్మ నేర్చుకున్నది మర్నాడు కుళాయి దగ్గర వరాలమ్మకి వచ్చేస్తుంది. కాబట్టి మనుషులకి లాటరీ వేస్తే కుదరదు, ఊళ్లకి ఊళ్లే వేయాలి.

మన రాష్ట్రంలో ఇలాంటి లెక్క ఒకటి నిజంగానే జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే సంస్థ, ఉద్దానం కిడ్నీ సర్వేలోనూ పనిచేసినదే, పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే పని పెట్టుకుంది. ఇది కొత్త మాటల వైద్యం అని చెప్పను. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడుగుతుంది. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆ డాక్టరుకి ఏం చేయాలో ట్యాబ్ మెట్టు మెట్టుగా చూపిస్తుంది. తర్వాత ఆశా మళ్లీ ఇంటికి వెళ్లి ఎలా ఉన్నారో, మందు వేసుకుంటున్నారో, డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లారో అడుగుతుంది. మనసు జబ్బంటే సిగ్గు పోవడానికి ఊళ్లో నాటకాలు కూడా వేయించారు.

మొదట చిన్న ఎత్తున, 30 ఊళ్లలో చేశారు. 5007 మందిని అడిగితే 238 మందికి ఇబ్బంది ఉందని తేలింది. ఆ 238 మందిలో అంతకుముందు దీనికోసం డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు ఇద్దరు. ఈ పని మొదలయ్యాక వెళ్లినవాళ్లు 30 మంది. ఇద్దరు ముప్ఫై అయ్యారని సంతోషించొచ్చు, మిగతా 208 మంది గడప దాటలేదని దిగులుపడొచ్చు. నేను రెండూ చేశాను.

తర్వాత పెద్ద ఎత్తున, పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ, 44 పీహెచ్‌సీల పరిధిలో లాటరీ వేసి 9928 మందితో పరీక్షించారు. ఫలితం 2024లో వచ్చింది. ఇబ్బందిలో ఉన్నవాళ్లలో ఏడాది తర్వాత కుంగుబాటు, బెంగ మార్కులు రెండూ బాగా దిగి, ఆత్మహత్య ఆలోచనా లేనివాళ్లు: కొత్త పద్ధతి ఉన్నచోట 74.7 శాతం, లేనిచోట 50.6 శాతం. ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగండి. ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే సగంమంది తేరుకున్నారు. పోలిక గుంపు లేకుండా ఫొటో దిగే ప్రతి కౌన్సెలింగ్ శిబిరమూ ఆ సగాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. అసలు సంపాదన మధ్యలో ఉన్న ఆ 24 శాతమే. అది చిన్నదేమీ కాదు.

మనసు జబ్బు ఉన్నవాళ్లతో ఊరు మెలిగే తీరులో మాత్రం రెండు చోట్లా తేడా రాలేదు. నాటకాలు చూశారు, చప్పట్లు కొట్టారు, మారలేదు. ఇలా 'ఇది పనిచేయలేదు' అని కూడా రాసుకున్న లెక్కనే నేను నమ్ముతాను.

గుండ్లు, బద్దలు, నూక

ఇక ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంత పాకిందంటే, సర్వేలో ప్రతి అయిదుగురు పెద్దల్లో ఒకరికి అటూ ఇటుగా కనిపించింది. కారణం ఇదీ అని సైన్సు వేలెత్తి చూపలేకపోయింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు. ఇవి జరగాల్సినవి, జరిగాయి. కానీ కారణం తెలియని జబ్బుకి ఒక గుణం ఉంది, ప్రతిదాన్నీ అనుమానించేలా చేస్తుంది. నీళ్లా? పురుగుమందా? చేపా? నడుం కాస్త నొప్పి పుడితే చాలు, గుబులు మొదలు. పరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ ఎంత వస్తుందోనని చేయించుకోనివాళ్లు కొందరు. నెలకి మూడుసార్లు చేయించుకునేవాళ్లు కొందరు. ఇద్దరిదీ ఒకటే భయం.

బెక్ పద్ధతిలో 'ఈ ఆలోచన నిజమా, తూకం వేద్దాం' అంటే ఇక్కడ తక్కెడ భయం వైపే మొగ్గుతుంది. భర్త డయాలసిస్ మీద ఉన్నామెని నీ భయం అతి అని ఎవరనగలరు? 2018 నవంబరులో గుజరాత్ తీరంలో చేపలు పడుతూ పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారులు 2020 జనవరి దాకా ఇంటికి రాలేదు. ఆ పధ్నాలుగు నెలలు వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పడ్డదాన్ని ఏ ఏడు ప్రశ్నలు కొలుస్తాయి?

పెషావర్‌లో వాడిన పద్ధతి ఇక్కడ పనికొస్తుందనిపిస్తుంది. అందులో కష్టాలన్నీ బయటికి చెప్పించి మూడు కుప్పలు పోయిస్తారు: మన చేతిలో తీరేవి, మన చేతిలో లేనివి, పెద్దగా పట్టించుకోనక్కర్లేనివి. మొదటి కుప్పలోంచి ఒకటి తీసుకుని దాని మీద పని. రెండో కుప్ప దగ్గర ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, నలుగురిలో కలవడం, మానేసిన పనులు మళ్లీ పట్టుకోవడం. పలాస జీడి కార్ఖానాలో పనిచేసిన ఏ ఆడమనిషికైనా ఈ విద్య కొత్త కాదు. బల్ల మీద పోసిన పప్పుని వేళ్లతో దొర్లిస్తూ, పక్కామెతో మాట్లాడుతూనే, గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, నూక ఒకవైపు తోస్తుంది. చూపు కూడా నిలపదు, వేలికే తెలుస్తుంది. ఇక్కడ శిక్షణ పుస్తకం రాసేవాడు విదేశీ బొమ్మలు తీసేసి ఆ బల్ల బొమ్మ వేస్తే చాలు. ఒక్క తిరకాసు. జీడి బల్ల మీద నూక ధర తక్కువ. ఇక్కడ మన చేతిలో లేని కుప్పే అన్నిటికన్నా బరువు.

ఆ బరువు సంగతిలో ఒక హెచ్చరిక కూడా. పరిహారం రాని మనిషికి ఊపిరి పీల్చడం నేర్పి పంపేస్తే అది వైద్యం కాదు, నోరు నొక్కడం. తీరే కష్టాల కుప్పలో కలెక్టరాఫీసుకి అర్జీ కూడా ఉండాలి. హరారే నాయనమ్మలు అడిగే 'ఈ వారం ఏం చేస్తావు' అన్న ప్రశ్నకి, 'గ్రీవెన్సుకి వెళ్తాను' అన్నది సరైన జవాబే.

బల్ల ఎక్కడ వేయాలన్నదీ ఆలోచించాల్సిందే. రచ్చబండ మగాళ్లది. కుళాయి దగ్గర గుట్టు నిలవదు. నా దృష్టిలో అన్నిటికన్నా తగిన చోటు డయాలసిస్ కేంద్రం వరండా. లోపల మనిషి నాలుగు గంటలు మిషను మీద ఉంటాడు, వారానికి రెండు మూడుసార్లు. బయట అతని భార్యో, తల్లో, కూతురో టిఫిను క్యారియర్ ఒళ్లో పెట్టుకుని గోడని చూస్తూ కూర్చుంటుంది. ఆమె పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అక్కడ కూర్చునే మనిషి డాక్టరు కానక్కర్లేదు. గోవాలో సంగాత్ సంస్థ కుంగుబాటుకి మాటల వైద్యం చేయించింది మామూలు కౌన్సెలర్లతోనే. వాళ్ల మాటల్ని రికార్డు చేసి, ఒకరి పనికి ఇంకొకరు మార్కులు వేసుకునే ఏర్పాటు పెట్టారు. అలా ఎవరో ఒకరు వినకపోతే నెలరోజుల్లో వైద్యం సలహాగా, సలహా సుద్దులుగా మారిపోతుంది. పది వేల గౌరవ వేతనానికి ఇప్పటికే పది పనులు చేస్తున్న ఆశాల నెత్తిన ఇదీ పెడితే ఆ బెంగకి వేరే వైద్యం చూడాలి.

ఈలోగా రాత్రిపూట ఎవరితోనూ చెప్పుకోలేనివాళ్లకి టెలి మానస్ ఉంది, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిన్ని ఫోనులో నంబరు వేసి పెట్టాను. చేయలేదు. "మొకం సూడకుండా ఏటి సెప్పుకుంటాం" అంది.

చివరికి నేనే ఒక ప్రయత్నం చేశాను. నాకు అర్హత లేదు, పోలిక గుంపూ లేదు, కాబట్టి దీన్ని పరీక్ష అనకండి. అమెరికాలో థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ఒక చిట్కా మీద పని చేసింది. బెంగని ఆపమని చెప్పకూడదు, దానికి ఒక వేళ పెట్టాలి. రోజూ ఒకే చోట, ఒకే టైముకి, అరగంట. మిగతా సమయంలో బెంగ వస్తే 'నీ టైము ఇంకా కాలేదు' అని పక్కన పెట్టాలి. మొన్న అక్టోబరులో పిన్నికి ఇది చెప్పి, సాయంత్రం అయిదింటికి అరుగు మీద కూర్చుని బెంగ పెట్టుకో, కాగితాలు లెక్కపెట్టుకునేది కూడా అప్పుడే, అన్నాను.

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత వేళ్లు మడిచి లెక్క వేసుకుంది.

"అయిదుకి నీల్ల బండి వస్తాది బాబూ. ఏడుకి సీరియలు. ఆరున్నరకెయ్యి."